బండి కొన్యాం నాయనా, పెద్దది మాత్రం కాదు

కొలంబస్, ఒహాయో
సెప్టెంబరు 7, 2025, ఆదివారం

నాయనకు, అమ్మకు, జేజికి నమస్కారాలు.

మేమిక్కడ బాగుండాం. మీ కోడలికి ఏడో నెల నడుస్తాంది. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు రోంత వాస్తాండాయి, అంతే. బీపీ బాగానే ఉందని డాక్టరమ్మ చెప్పింది. జేజి అడిగినదానికి జవాబు: స్కానులో ఆడో మగో ఇక్కడ అడిగితే చెప్తారు, మేమే వద్దంటిమి. కాబట్టి జేజి ఇంగ రెండు నెలలు పందెం కాసుకోవచ్చు.

ఆఫీసు మామూలే.

ఇదంతా ఫోనులో చెప్పుండొచ్చు. పోయిన ఆదివారం నువ్వు గొంతు పెంచితివి, నేనూ పెంచితిని, నడమ అమ్మ ఫోను లాక్కొని “తిన్యావా” అనె. అందుకే ఉత్తరం. మా ఆఫీసులో ధర్మవరం పిల్లోడు ఊరికి వస్తాంటే వాని చేతికిస్తాండా. అద్దాలు పెట్టుకొని ఒకటికి రెండుసార్లు చదువు. ఆ తర్వాత తిట్టు.

బండి కొనేసినా. నిన్న సాయంత్రం తాళాలిచ్చినారు. నువ్వు చెప్పిన ఏడు సీట్ల ఎత్తు బండి కాదు, సెడానే. హోండా అకార్డ్, 2021 మోడలు. 38 వేల మైళ్ళు తిరిగింది, మన లెక్కలో 61 వేల కిలోమీటర్లు. నీ బస్సు ఏడాది తిరక్కుండానే తిరిగేస్తాండె కదా అంత.

కియా ఎందుకు తీసుకోలేదని అడుగుతావు, తెలుసు. మన పెనుకొండలో చేసే బండ్లు ఇక్కడికి రావు నాయనా. ఇక్కడ కియా అమ్మేది వేరే యాడో చేసింది. నీ మాటే పట్టుకుంటే, ఉన్న ఊరి బండి కొనాల కదా? మా ఇంటికి ముప్పావు గంట దూరంలో మేరీస్‌విల్ అని ఊరుంది. హోండా వాళ్ళు 1982 నుంచి అక్కడ అకార్డ్ చేసినారు. జపాను కంపెనీ అమెరికాలో కార్లు చేయడం అక్కడే మొదలు. మన పక్క పల్లెలోళ్ళు పెనుకొండకు షిఫ్టుకు పోయినట్ల, ఈ పక్క వాళ్ళు అక్కడికి పోతారు. మొదట ఆ దారిలో పోయినప్పుడు నాకు మన హైవేనే గుర్తొచ్చె. చుట్టూ మొక్కజొన్న చేలు, నడమ ఫ్యాక్టరీ. శెనక్కాయ చేను మాత్రం కండ్లపడలా.

వాన పడిందా? ఊడలు దిగే టైముకు పడకుంటే కష్టమే. అమ్మ ఫోనులో “ఏదోలే” అనింది, ఆ ఏదోలే అంటే ఏందో నాకు తెలుసు.

పాత కొరోల్లా నీకిష్టమే. నాకూ ఇష్టమే. కానీ అది లోపల్లోపలే తినేసింది. ఇక్కడ చలికాలం మంచు కరిగేకి రోడ్ల మీద ఉప్పు చల్లుతారని చెప్పింటి కదా, ఆ ఉప్పు కింద రేకుకు పట్టుకుంటాది. పైన పెయింటు నిగనిగా ఉంటాది, కింద వేలుతో పొడిస్తే రాలుతాది. అందుకే ఈసారి ఏ బండి చూసినా మొదట గోనెసంచి లాంటిది పరుచుకొని కింద పండుకొని చూసినా. షెడ్డులో నువ్వు బస్సు కింద దూరేది గుర్తుకొచ్చె. సేల్స్ పిల్లోళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్యారు. చూసుకోనీ.

నువ్వు చెప్పినవన్నీ చేసినా. టైరు పక్కనుండే నాలుగంకెలు చదివినా: మొదటి రెండూ వారం, తర్వాతవి సంవత్సరం. నాలుగు టైర్లూ ఒకే తేదీవి. పొద్దున చల్లటి ఇంజనే స్టార్టు చేయించినా, వేడి చేసి పెడితే రోగం తెలియదంటివి కదా. బండికి 17 అక్షరాల నంబరుంటాది, దాన్ని ప్రభుత్వం వెబ్‌సైట్లో కొట్టి, కంపెనీ వెనక్కి పిలిచి బాగు చేయాల్సిన పని ఏమన్నా మిగిలిందా అని చూసినా. ఆఖరికి వంద డాలర్లు పైనే ఇచ్చి బయటి మెకానిక్కుతో చూపించినా. మీ కోడలు ఆ వంద ఎందుకనె. దానికి ముందు చూసిన బండి సంగతి చెప్పేసరికి ఊరకుండె. అది ఇంగో చోట. “ఏ యాక్సిడెంటూ లేదు సార్” అనె ఆయప్ప. బానెట్టు పక్క సందు ఒకవైపు వేలు పట్టేంత, ఇంగోవైపు గోరు కూడా పట్టనంత. డోరు రబ్బరు మీద పెయింటు చుక్కలు. నువ్వు పక్కనుంటే ఆయప్పకు మనూరి మాటలు నాలుగు వినపడేవి.

పెద్ద బండే గట్టిదని నువ్వంటావు. NH44 మీద నువ్వు చూసినవి నేను చూడలేదు, కాదనను. కానీ ఇది ప్రభుత్వం గుద్దించి చూసే పరీక్షలో అయిదుకు అయిదు చుక్కలు తెచ్చుకున్న మోడలు. ముందర బండి ఉన్నట్టుండి ఆగితే తనే బ్రేకు వేసుకుంటాది. నవ్వొద్దు. ఇంగ అమ్మ మోకాలు. ఆ ఎత్తు బండి ఎక్కాలంటే ఒక కాలు పైన, ఒక కాలు కింద, పట్టుకునేకి ఒక మనిషి. బిడ్డను వంగి లోపల పెట్టేదానికి మాత్రం సెడాను కష్టమే, నడుము పడతాది. అది ఒప్పుకుంటా.

ఎకరా అమ్మి డబ్బులు పంపుతా అన్యావంట. అమ్మ చెప్పింది. వద్దు. అమ్మొద్దు. అడిగేవాళ్ళకు కూడా చెప్పొద్దు. బండి 22 వేల డాలర్లు, పాతదానికి మూడు వేలు కట్టినారు, తక్కింది దాచుకున్నదే. అప్పు చేయలేదు. కొత్తది, పెద్దది అంటే 60 నెలల అప్పు. ఈ ముక్క అమ్మకు, జేజికి చదవొద్దు: మా టీములో ఇద్దర్ని తీసేసినారు. నాకేం కాలేదు, కాదు కూడా. కాకుంటే ఈ వీసా మీద ఉద్యోగం పోతే ఇంగోటి వెతుక్కునేకి, లేకుంటే దేశం వదిలేకి మనకిచ్చేది 60 దినాలు. 60 దినాలోడు 60 నెలల అప్పు చేయకూడదు, అంతే నా లెక్క. ఇక్కడి నుంచి మళ్ళా గట్టిగా చదువు.

అమ్మా, నువ్వు కుట్టిన పాత చీరెల బొంత పంపు, కానీ ఒక మాట. బిడ్డను బొంతలో చుట్టి బండిలో పెట్టకూడదంట. మందం బట్టలుంటే బెల్టు పైపైన నిలబడుతాది, బ్రేకు పడితే బిడ్డ జారిపోతాది. ముందు పల్చటి చొక్కా, బెల్టు బిగించాల, దాని పైన బొంత కప్పాల. ఒళ్ళో పెట్టుకొని పోయేది ఇక్కడ కుదరదు. ఒహాయోలో నాలుగేండ్ల లోపు పిల్లలకు ప్రత్యేకం సీటు ఉండాల్సిందే, ముందర సీటులో ఎయిర్‌బ్యాగు ఉంటాది కాబట్టి వెనకే కట్టాల, అదీ వెనక్కి తిప్పి. ఆ సీటు లేకుంటే ఆసుపత్రిలో బిడ్డను బండి ఎక్కించనీరు.

ఇది చెప్తే మీ కోడలు అడిగె, “మరి నిన్నెట్ల తెచ్చినారు” అని. జేజి చెప్పే కథ చెప్పినా. పెద్దాసుపత్రి నుంచి నాలుగో దినం, నాయన డ్యూటీ బస్సులోనే. తాడిపత్రి ఆర్డినరీ. డ్రైవరు వెనక సీటులో అమ్మ, పక్కన జేజి, జేజి ఒళ్ళో నేను. బుక్కరాయసముద్రం దాటేలోగా సైకిలోడు కూడా బస్సును దాటిపోయినాడంట. జనమంతా “ఏం డ్రైవరన్నా, డీజిల్ అయిపోయిందా” అని అరిస్తే, కండక్టరు లేచి “ఆయప్ప కొడుకు ఉండాడు బస్సులో, మూసుకోండి” అన్యాడంట. మీ కోడలు ఎంత నవ్విందంటే బిడ్డ తన్నింది.

అత్తమ్మకు పాత వీసా ఉంది కాబట్టి అక్టోబరులో ఆమె వస్తాది. అమ్మా, నువ్వు అలిగినావని తెలుసు. నేనేమీ వాళ్ళను ముందు పిలవలేదు. మీ వీసా ఇంటర్వ్యూ స్లాటు కోసం రాత్రి పన్నెండుకు కూడా వెబ్‌సైటు చూస్తాండా. తేదీ దొరికితే హైదరాబాదుకు ముందురోజే పోండి, అదే దినం రాత్రి బస్సు ఎక్కి పోదామనొద్దు.

నిన్న బండి నేరుగా గుడికి తీసకపోతిమి. నాలుగు నిమ్మకాయలు తొక్కించినాం. గుమ్మడికాయ మాత్రం పార్కింగులో కొట్టనీలేదు, ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకుంటిమి. కసాపురం మొక్కు అట్లే ఉంది, అది మనూరికి వచ్చినప్పుడు.

కామ్రీ ఎందుకు వదిలేసినావని మామయ్య అడుగుతాడు. మంచి బండే. నేను బిడ్డ సీటు పెట్టె చంకన పెట్టుకొని పోయి, చూసిన బండికల్లా బిగించి చూసినా. వెనక్కి తిప్పి కట్టే సీటు వాలుగా ఉంటాది, దానికి చోటు కావాలంటే ముందర సీటు ముందుకు జరపాల. అదే మోడలు కామ్రీలో వెనక కాళ్ళ చోటు 38 అంగుళాలు, దీంట్లో 40.4. కాగితం మీద రెండున్నర అంగుళాలు కూడా లేదు. మీ కోడలు ముందర కూచుంటే రెండింట్లోనూ తేడా తెలియలా, పొట్టి మనిషి. అప్పుడు నేను కూచున్యా. నేను నీ ఎత్తే కదా. కామ్రీలో మోకాళ్ళు డాష్‌బోర్డుకు తగిలె, దీంట్లో తగల్లా. సేల్స్ పిల్లోడు “సార్, నడిపే సీటు అటుపక్క” అనె. నాకు తెలుసప్పా అంటిని.

బిడ్డ సీటు కుడిపక్క వెనక. దాని పక్కన, నా వెనక, అమ్మ. ముందర కుడిపక్క నువ్వు. ఒకటి ముందే చెప్తాండా: ఇక్కడ నువ్వు అలవాటుగా ఎక్కే పక్కన స్టీరింగు ఉండదు, కాలు ఎంత తొక్కినా కింద బ్రేకు కూడా ఉండదు.

మీ
చిన్నోడు