వార్షిక నివేదిక 2024–25: కార్యదర్శి మాట

సభ్యులకు నమస్కారం.

జమాఖర్చులు, ఫిజియోథెరపీ తరగతులు, అరువుకిచ్చే వీల్‌చైర్ల వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. వాటిని మళ్లీ చెప్పను. ఈసారి ఎక్కువ చోటు ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మెదడు, వెన్నుపాములలో నరాల మీది పొర దెబ్బతినే జబ్బు) ఉన్న మగవాళ్లలో అంగస్తంభన సమస్యకు, దాని మందులకు ఇస్తున్నాను. ఇది నివేదికలో ఎందుకని కార్యవర్గంలోనే కొందరు అభ్యంతరం చెప్పారు. పేరు రాయకుండా ప్రశ్నలు వేసే పెట్టెలో ఎక్కువ చీటీలు దీని గురించే వచ్చాయని చూపించాక ఒప్పుకున్నారు.

యూరాలజిస్టుతో మగవాళ్లకు మాత్రమే ఒక సమావేశం పెట్టాం. వెన్నుపాములో నరాల మీది మైలిన్ పొర దెబ్బతింటే మెదడు ఇచ్చే సంకేతం కిందికి సరిగా చేరదని, కోరిక ఉన్నా ఒళ్లు సహకరించకపోవడానికి చాలామందిలో కారణం అదేనని ఆయన వివరించారు. మగతనం పోయిందని భర్త కుమిలిపోనక్కర్లేదు, తన మీద మనసు పోయిందని భార్య బాధపడనక్కర్లేదు.

ఈ సమస్యకు ఇచ్చే సిల్డెనాఫిల్, తడలాఫిల్ మాత్రలు కోరికను పుట్టించవు. ఉద్రేకం కలిగినప్పుడు అంగంలోకి రక్తం నిండేందుకు సాయపడతాయంతే. సిల్డెనాఫిల్‌ను సుమారు గంట ముందు వేసుకోవాలి. బిర్యానీ లాంటి నూనె భోజనం చేసి వేసుకుంటే పని చేయడం ఆలస్యమవుతుంది. తడలాఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉండొచ్చు. అలసట ఎక్కువగా ఉండే మనవాళ్లకు టైము చూసుకునే తొందర లేకపోవడం మేలేనని నా అభిప్రాయం.

అందరికీ పనిచేస్తాయా? 2005లో వెలువడిన అధ్యయనంలో 217 మంది ఎమ్మెస్ రోగులున్నారు. సిల్డెనాఫిల్ వాడినవాళ్లలో 89 శాతం మందికి మెరుగైంది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 24 శాతానికి. 2009 నాటి మరో అధ్యయనంలో మాత్రం సిల్డెనాఫిల్‌తో మూడో వంతు మందికే గుణం కనిపించింది. మాత్ర పనిచేయకపోతే వాక్యూమ్ పంపు, అంగంలోకి ఇచ్చే ఇంజెక్షన్ ఉన్నాయి.

డాక్టరు చీటీ లేకుండా ఈ మాత్రలు మెడికల్ షాపులో కొని వేసుకుంటున్నామని కొందరు ఆ సమావేశంలోనే ఒప్పుకున్నారు. దయచేసి మానండి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు ఈ మాత్రలు అసలు ముట్టకూడదు, బీపీ ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. మూత్రం సాఫీగా రావడానికి మనలో కొందరు వాడే టామ్సులోసిన్‌తో కలిసినా బీపీ తగ్గి కళ్లు తిరిగే ప్రమాదముంది, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. స్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే సిగ్గుపడకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. డిప్రెషన్ మాత్రల వల్ల కూడా ఈ ఇబ్బంది రావచ్చు, అలాగని వాటిని సొంతంగా ఆపకండి.

తమ ఇబ్బందుల మాటేమిటని మహిళా సభ్యులు అడిగారు. న్యాయమే. వచ్చే ఏడాది మొదటి సమావేశం వాళ్లకోసం, మహిళా డాక్టరుతో. ఆ తర్వాత దంపతులకు విడిగా ఇంకొకటి పెడతాం. ప్రశ్నల పెట్టె కార్యాలయంలోనే ఉంటుంది.