అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి: ఆటిజం ఉన్న పిల్లల వివరాలు గోడ దాటడం లేదు

సంపాదకులకు నమస్కారములు.

ఏటా ఏప్రిల్ 2న ఆటిజం (పిల్లల మాట, కలుపుగోలుతనం, ఇంద్రియ స్పందన భిన్నంగా ఉండే ఎదుగుదల తీరు) అవగాహన దినం పేరిట మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ర్యాలీలు, ఉపన్యాసాలు జరుగుతాయి. ఆ తర్వాత మూడు వారాలకే బడులకు వేసవి సెలవులు వస్తాయి. జూన్ 12 ప్రాంతంలో బడులు తిరిగి తెరిచేసరికి, అంతవరకు అంగన్‌వాడీలోనో ప్లేస్కూల్‌లోనో గడిపిన ఆటిజం పిల్లలు కొందరు, తమను గురించి ఏమీ తెలియని ఉపాధ్యాయుల ముందు ఒకటో తరగతిలో కూర్చొని ఉంటారు. ఈ మార్పుకు పిల్లవాడిని, బడిని సిద్ధం చేయవలసిన బాధ్యత ఫలానా వారిదని ఎవరూ అనుకోవడం లేదు. ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్ళు పనిచేసి ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన నేను ఈ సంగతిని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలనుకుంటున్నాను.

చాలా ఊళ్ళలో అంగన్‌వాడీ, బడి ఒకే ఆవరణలో ఉంటాయి. అయినా ఒకచోట తెలిసినది రెండోచోటికి చేరదు. మా బడిలో కొత్తగా చేరిన ఒక బాబు మధ్యాహ్న భోజనం వేళ కంచం ముందు కూర్చొని మెతుకు ముట్టకుండా లేచిపోయేవాడు. ఇంట్లో గారాబం ఎక్కువైందని, మొండివాడని అందరూ తీర్మానించారు. ఒకరోజు ఏదో పనిమీద ఇటువైపు వచ్చిన అంగన్‌వాడీ ఆయా ఆ కంచం చూసి, "అన్నం మీద సాంబారు పోస్తే వాడు తినడమ్మా, గిన్నెలో విడిగా పెట్టండి, తనే ముంచుకుంటాడు" అని చెప్పింది. అలా పెట్టిన రోజే తిన్నాడు. రెండేళ్ళు ఆ పిల్లవాడికి అన్నం పెట్టిన మనిషి గోడ అవతలే ఉన్నా, ఆమెను అడగాలన్న ఏర్పాటు మన వ్యవస్థలో ఎక్కడా లేదు. ఆమె అటుగా రాకపోయి ఉంటే ఆ బాబు ఎన్నాళ్ళు పస్తుండేవాడో చెప్పలేను.

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి శబ్దం, వెలుతురు, స్పర్శ, రుచి మనకు తాకినట్టు తాకవు. తర్వాత ఏం జరగబోతోందో తెలియకపోతే వారిలో ఆందోళన పెరుగుతుంది. చాప మీద కూర్చొని పాటలు పాడుకొన్న గదిలోంచి, గంట కొట్టగానే పుస్తకం మార్చవలసిన గదికి వచ్చిన పిల్లవాడు చెవులు మూసుకొని బల్ల కింద దూరితే అది క్రమశిక్షణ లేకపోవడం కాదు. ప్రార్థన, పాఠం, ఆట, అన్నం, ఇల్లు అని అయిదు బొమ్మలు గీసి గోడకు అంటించి, అయిపోయినదాన్ని తీసేస్తూ పోతే చాలామంది పిల్లలు కుదుటపడతారు. దీనికి నిధులు, శిక్షణా శిబిరాలు అక్కరలేదు. చేరబోయే బడిని పిల్లవాడికి ముందుగా చూపించాలని పెద్దలు చెప్పే మాట మంచిదే గాని, మే నెలలో తాళం వేసిన బడి చూపిస్తే భవనం మాత్రమే తెలుస్తుంది. గంట, మైకు, వరండాలో పిల్లల అరుపులు తెలియాలంటే బడి నడుస్తున్నప్పుడే, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే, వీలైతే ఒకటికి నాలుగుసార్లు, కాసేపు కూర్చోబెట్టి తీసుకుపోవాలి.

చట్టాలకు మనకు కొదవ లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా చేర్చి, వివక్ష లేకుండా చేర్చుకోవాలని, పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన సదుపాయం కల్పించాలని విద్యాసంస్థలను ఆదేశించింది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా లెక్కించింది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పదిమందికీ ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీలకు కేంద్రం 2023 నవంబరులో ఒక ప్రత్యేక విధానపత్రం విడుదల చేసింది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యాశాఖ నడిపే భవిత కేంద్రాలున్నాయి. ఆటిజాన్ని అంచనా వేసేందుకు దేశమంతా వాడే 40 అంశాల కొలమానం తయారైనది మన సికింద్రాబాదులోని, మేధోవైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థలోనే. అయితే అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖది, బడి విద్యాశాఖది, పిల్లలను పరీక్షించే సంచార బృందాలు వైద్యారోగ్యశాఖవి. కాగితం మీద ఒకే దశ అయిన ఆ అయిదేళ్ళ బాల్యం ఊళ్ళో మూడు శాఖల రిజిస్టర్లలో చీలి ఉంది.

ప్రైవేటు బడుల తీరు వేరు. ప్రవేశాలకు పిల్లలను వడపోయడాన్ని విద్యాహక్కు చట్టం నిషేధించినా, "ఒకసారి పాపను తీసుకురండి, మాట్లాడి చూస్తాం" అంటారు. చూశాక సీట్లు అయిపోయాయంటారు, లేదా తరగతిలో పాప పక్కనే ఉండి సాయపడే మనిషిని (షాడో టీచర్‌ను) మీ ఖర్చుతో పెట్టుకోండంటారు. ఆ జీతం భరించలేక తల్లి ఉద్యోగం మానేసిన ఇళ్ళు నాకు తెలుసు. దీనిమీద జిల్లా విద్యాశాఖాధికారులు ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా ప్రవేశాల సమయంలోనే తనిఖీ చేయాలి.

ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులు నడిపే బడిలో ఇదంతా సాధ్యమా అని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకం పూర్తి చేయకుండా భారమంతా వారి నెత్తిన పెట్టడం అన్యాయం. నేను కోరుతున్నది అంతకంటే చాలా చిన్నది. అంగన్‌వాడీ లేదా ప్లేస్కూల్ వదిలే ప్రతి ఆటిజం పిల్లవాడి గురించి, తల్లిదండ్రుల సమ్మతితో, ఒక్క పేజీ రాసి బడికి అందజేయాలి. మార్కులు, వైద్య పరిభాష అందులో అవసరం లేదు. దాహం వేస్తే, బాత్రూంకు వెళ్ళాలంటే ఏ మాట లేదా ఏ సైగ చేస్తాడు, దేనికి బెదిరిపోతాడు, ఏం చేస్తే ఊరుకుంటాడు, ఏం తింటాడు, ఫిట్స్ మందులేమైనా వాడుతున్నాడా, గేటు తెరిచి ఉంటే రోడ్డు మీదికి పరుగెత్తే అలవాటుందా, సాయంత్రం ఎవరు తీసుకెళతారు అన్నవి ఉంటే చాలు. ఆ కాగితం ఉపాధ్యాయుల బల్ల సొరుగులో ఉండాలే గాని ఊళ్ళో తిరగకూడదు. "వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అంటూ పెద్దలు వాయిదా వేయడం వల్ల ఇంకా వైకల్య సర్టిఫికెట్ చేతికి రాని పిల్లలుంటారు. వారికీ ఈ పేజీ వర్తించాలి, ఎందుకంటే సాంబారు విడిగా పెట్టడానికి సర్టిఫికెట్ అక్కరలేదు.

స్త్రీ శిశు సంక్షేమ శాఖ, విద్యాశాఖ కలిసి ఏటా ఫిబ్రవరిలోగా ఒక ఉమ్మడి ఉత్తర్వు ఇచ్చి, అంగన్‌వాడీ టీచర్, ఒకటో తరగతి ఉపాధ్యాయులు, భవిత కేంద్రం వారు, పిల్లవాడి తల్లి మార్చిలో ఒక పూట కలిసి కూర్చొనేటట్టు చూడాలని కోరుతున్నాను. ఆయాను ఆ సమావేశానికి తప్పక పిలవాలి. బడి తెరిచిన మొదటి వారం రోజూ ఒక గంట ఆమెను ఒకటో తరగతి గదిలో ఉండనివ్వాలి, ఆ గంటకు గౌరవవేతనం విడిగా చెల్లించాలి.

భవదీయురాలు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు,
పశ్చిమగోదావరి జిల్లా