ఎల్లో ప్లేటుకు పాసు లేదా?

సంపాదకులకు,

సూర్యాపేటలో పన్నెండేళ్లుగా ట్యాక్సీ నడుపుతున్నాను. నా కిరాయిల్లో సగం హైదరాబాద్ ఆసుపత్రులకే. అంతకుముందు హైదరాబాద్–విజయవాడ పాత తొమ్మిదో నెంబరు జాతీయ రహదారి మీద లారీ క్లీనరుగా తిరిగినవాణ్ని, నాలుగు వరుసల రోడ్డు విలువ నాకు ఒకరు చెప్పక్కర్లేదు. 2012 చివర్లో టోల్ మొదలైనప్పుడు కూడా గొణగలేదు.

మాకు హైదరాబాద్ దారిలో రెండు టోల్ గేట్లు, కొర్లపహాడ్, పంతంగి. 2025 ఆగస్టు 15 నుంచి ఏడాది పాసు వచ్చింది. వచ్చినప్పుడు 3,000 కడితే 200 సార్లు దాటొచ్చన్నారు, గేటుకు 15 రూపాయలు పడేది. సంక్రాంతికీ పెళ్లిళ్లకీ తప్ప కారు బయటికి తీయని మా వీధివాళ్లు కూడా కొనుక్కున్నారు. ఎల్లో ప్లేటు, అంటే పసుపు నెంబరు ప్లేటున్న ట్యాక్సీ కాబట్టి నాకివ్వరు. అది సొంత కార్లు, జీపులు, వ్యాన్లకేనట.

వాణిజ్య వాహనాలకు నెలకు యాభై ట్రిప్పుల పాసుంది. డబ్బు ముందే కట్టాలి, ఏ గేటుకు ఆ గేటుకే. వచ్చే వారం కిరాయి తగులుతుందో లేదో తెలియనివాడు ఎలా కడతాడు? రేట్ల బోర్డులో ఇంకో గడి కూడా ఉంటుంది. గేటున్న జిల్లాలో రిజిస్టరైన వాణిజ్య వాహనానికి సగం టోలే. 2016 అక్టోబరు దాకా సూర్యాపేట, కొర్లపహాడ్, పంతంగి మూడూ నల్లగొండ జిల్లావే. ఇప్పుడు ఒక గేటు నల్లగొండలో, ఇంకోటి యాదాద్రి భువనగిరిలో, నా బండి సూర్యాపేటలో. ఆ గడి నాకు పనికిరాదు.

టోల్ కిరాయికొచ్చినవాళ్లే కడతారు కదా, నీకేం పోయిందంటారు. నిజమే, వాళ్లే కడతారు. మొన్న ఒక ముసలావిణ్ని కిడ్నీ వైద్యానికి తీసుకెళ్లాను, తోడు కొడుకు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. 24 గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకవైపు టోలుకు ఒకటిన్నర రెట్లే కదా అని లెక్క వేసుకున్నాం. సాయంత్రం డాక్టరు, పొద్దున ఇంకో రక్తపరీక్ష ఉంది, ఉండమన్నారు. నేను బండిలోనే పడుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం పంతంగి దాటుతుంటే ఫోను టింగుమంది. గడువు దాటింది, పూర్తి టోల్ కోసేశారు. మందుల సంచి ఒళ్లో పెట్టుకున్న ఆ అబ్బాయి, “ఎంత పోయిందన్నా?” అని మెల్లగా అడిగాడు. అంకె చెప్పడానికి నాకే నోరు రాలేదు. సగం నేనే వేసుకున్నాను, అదేం గొప్ప కాదు, మళ్లీ నెల వాళ్లు నన్నే పిలవాలి కదా.

2024 జులై నుంచి ఈ రోడ్డు జాతీయ రహదారుల సంస్థ చేతికే వచ్చింది. ఆరు వరుసలు చేస్తామంటున్నారు, చేయండి. ఈలోగా ఏడాది పాసు ఎల్లో ప్లేటుకూ ఇప్పించండి. సొంత కార్ల రేటుకు ఇంకో రెండు వేలు కలిపినా కడతాం. సగం రాయితీకి జిల్లా పేరు కాకుండా దూరం చూడమని కేంద్రాన్ని కోరుతున్నాను. కొర్లపహాడ్ గేటు మా ఇంటి నుంచి అరగంట.

– ఒక ట్యాక్సీ డ్రైవర్, సూర్యాపేట