పంపు నేను పంపిస్తా, కెమెరా నువ్వు కొనుక్కో

కావలి

చిరంజీవి పెద్దోడికి మీ నాయన ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు పంపిన లిస్టు చూశాను. చెన్నైలో క్యాబ్ మొదలుపెట్టి ఇంకా మొదటి కిస్తీ కూడా కట్టలేదు, అప్పుడే ఇన్ని సామాన్లా అబ్బయ్యా? రంగురంగుల లైట్లు, తల ఊపే బొమ్మ, సీట్లకు మెరిసే కవర్లు. అన్నీ కొట్టేశాను. వాటిని చూసి ఎవరూ ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వరు.

ముందు కొనాల్సింది నీ లిస్టులోనే లేదు. టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు, కారులోని 12 వోల్టుల సాకెట్‌కు తగిలించేది. మేము లారీలు తోలేటప్పుడు టైరును రాడ్డుతో కొట్టి, శబ్దాన్ని బట్టి గాలి సంగతి చెప్పేవాళ్ళం. కారు టైరు దగ్గర ఆ విద్య పనిచేయదు, మీటరు చూడాల్సిందే. గాలి తక్కువైతే టైరు పక్కలు నలిగి నలిగి వేడెక్కుతాయి. ఎండాకాలంలో గూడూరు దాటాక హైవే పక్కన పేలిన టైరు ముక్కలు నువ్వూ చూసినవే. పొద్దున బండి కదలకముందే, టైరు చల్లగా ఉండగానే చూసుకో. ఎంత పెట్టాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసుంటుంది. పంపు ఆడేటప్పుడు ఇంజన్ ఆన్‌లో ఉంచు, లేకుంటే బ్యాటరీ దిగిపోతుంది.

ఫోన్ హోల్డర్ తప్పదు. ఫోన్ చేత్తో పట్టుకుని నడిపితే ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద కేసు రాస్తారు. అద్దానికి అతికించేది వద్దు, ఎండకు ఊడి ఒళ్ళో పడుద్ది, పైగా దారికి అడ్డం. ఏసీ గాలి వచ్చే చోట తగిలించేది తీసుకో. మధ్యాహ్నం పూట మ్యాప్ నడుస్తూ, ఛార్జింగ్ ఎక్కుతూ ఉంటే ఫోన్ కాలిపోతుంటుంది, ఆ చల్లగాలి దానికీ తగులుతుంది. ఛార్జర్ రెండు పోర్టులది చూడు. వెనక సీటు దాకా వచ్చే పొడుగు కేబుల్ ఒకటి పడేస్తే, ఫోన్ ఆగిపోతుందని టెన్షన్ పడే వాళ్ళు నీకు స్టార్లు వాళ్ళే ఇస్తారు.

కారులో పెట్టి దారిని రికార్డు చేసే కెమెరా కొనమనే చెప్తాను. ఎవడో వెనకనుంచి గుద్ది, నువ్వే బ్రేక్ కొట్టావని అంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. లోపల లిథియం బ్యాటరీ ఉన్నది కాకుండా కెపాసిటర్ (బ్యాటరీ బదులు కాసేపు కరెంటు దాచే చిన్న భాగం) ఉన్నది అడుగు, ఎండలో పార్క్ చేసిన కారు వేడికి అదే ఎక్కువ కాలం నిలుస్తుంది. కార్డు నిండితే పాతదాని మీదే కొత్తది రికార్డవుతుంది కాబట్టి, ఏదైనా జరిగిన వెంటనే ఆ వీడియో చెరిగిపోకుండా లాక్ బటన్ నొక్కు. వైరును ఎయిర్‌బ్యాగ్ ముందునుంచి లాగనివ్వొద్దు.

ఇక బెల్టు పెట్టుకోకపోయినా హెచ్చరిక శబ్దం రాకుండా సీటు బెల్టు లాక్‌లో గుచ్చే క్లిప్. అది లిస్టులో చూసి మీ అమ్మకు చెప్పలేదు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అంగళ్ళలోనుంచి వాటిని తీయించింది. ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. అద్దాలకు నల్ల ఫిల్మ్ కూడా వద్దు, 2012లోనే సుప్రీంకోర్టు కాదంది. బండి నిలిపినప్పుడు ముందు అద్దానికి అడ్డం పెట్టే మడత అట్ట చాలు.

పంపు ఇక్కడే కొని శుక్రవారం బస్సు పార్సిల్‌లో వేస్తాను, రసీదు ఫోటో పెడతా. కెమెరా డబ్బులు మాత్రం నువ్వే చూసుకోవాలి.

మీ నాయన