నెలవారీ రిపోర్టులో అనలిస్టుల స్కోరు ఇక ఉండదు

మా దగ్గర్నుంచి బిజినెస్ అనలిస్టులను (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో మిమ్మల్ని అడిగి రాసిపెట్టేవాళ్లను) తీసుకుని పనిచేయించుకుంటున్న పాత క్లయింట్లందరికీ నమస్కారం.

వచ్చే నెల నుంచి రిపోర్టు మొదటి పేజీలో ఒక్కో అనలిస్టు పేరు పక్కన నూటికి ఇన్ని అని వేసే స్కోరు కనిపించదు. తీసేశాం, మళ్లీ పెట్టే ఆలోచన లేదు. రిపోర్టు తెరవగానే మీలో చాలామంది ముందు చూసేది ఆ అంకెనేనని తెలుసు. కాంట్రాక్టు పొడిగింపు మాటల్లో దాన్నే పట్టుకుని బేరమాడినవాళ్లూ ఉన్నారు. అందుకే కారణం సూటిగా చెబుతున్నాను. రేట్లు, మనుషులు, సమావేశాల వేళలు మారలేదు కాబట్టి వాటి జోలికి పోను.

ఆ స్కోరు మేం వేసిన లెక్క కాదు. రిక్వైర్‌మెంట్లు, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే అవసరాలు, భద్రపరచడానికి మేం వాడే టూలులోని డ్యాష్‌బోర్డు ఇచ్చేది. ఎన్ని యూజర్ స్టోరీలు (వాడేవారి వైపు నుంచి చిన్నగా రాసిన అవసరాలు) రాశారు, వాటిలో ఎన్ని మారాయి, ఎన్ని తిరిగి తెరిచారు, సందేహాలకు ఎంత వేగంగా జవాబిచ్చారు అన్న నాలుగింటిని కలిపి ఒక అంకె చేస్తుంది. దేనికి ఎంత వెయిటేజీ అన్నది టూలు అమ్మిన కంపెనీ బయటపెట్టదు. అంతవరకు ఎలాగో సర్దుకున్నాం. ఈమధ్య వచ్చిన అప్‌గ్రేడ్‌తో 'మార్పు' లెక్కే మారిపోయింది. అంతకుముందు సైన్ ఆఫ్ (రాసినదానికి ఆమోదం) అయ్యాక జరిగినవే మార్పుల కింద వచ్చేవి. ఇప్పుడు స్టోరీని మొదటిసారి సేవ్ చేసిన క్షణం నుంచి ప్రతి ఎడిట్ ఒక మార్పే. అక్షరదోషం దిద్దినా మార్పే, యాక్సెప్టెన్స్ క్రైటీరియా (పని పూర్తయిందని ఒప్పుకోవడానికి చూసే షరతులు) వరస సర్దినా మార్పే.

దీని ఫలితం ఏమిటో చూడండి. వర్క్‌షాపులో మీ ముందే స్క్రీన్ మీద డ్రాఫ్టు పెట్టుకుని, మీరు చెబుతుంటే అక్కడికక్కడే దిద్దుకుంటూ పోవడం మంచి పద్ధతి. అలా పనిచేసేవాళ్ల స్కోర్లు దబ్బున పడిపోయాయి. ఎవరికీ చూపించకుండా వేరే ఫైల్లో అంతా రాసుకుని, చివర్లో ఒక్కసారి తెచ్చి అతికించినవాళ్లు పైకెక్కారు. తిరిగి తెరిచిన స్టోరీల సంగతీ ఇంతే. టెస్ట్ సర్వర్ పడిపోయిందని టెస్టర్ ఆ స్టోరీ టికెట్‌ను ఒక దశ వెనక్కి లాగినా అది అనలిస్టు ఖాతాలో పడుతుంది.

టూలు కంపెనీవాళ్లను అడిగితే 'రిలీజ్ నోట్స్‌లో ఉంది కదా' అన్నారు. ఉంది, కాదనను: 'గణన మెరుగుపరచబడింది' అని ఒక్క ముక్క. పాత లెక్కకు తిరిగి వెళ్లే సెట్టింగ్ ఇమ్మంటే కుదరదన్నారు. వెయిటేజీలు చెప్పమంటే వ్యాపార రహస్యమన్నారు. మా మనిషికి మార్కులు వాళ్లు వేస్తారట, ఎందుకు తగ్గాయో మీకు సంజాయిషీ మేం చెప్పుకోవాలట! ఇది నాకు మింగుడుపడలేదు. టూలును మాత్రం వదలడం లేదు. వెర్షన్లు దాచడానికి, ఏ రిక్వైర్‌మెంటుకు ఏ టెస్టు ఉందో పట్టుకోవడానికి అది బాగానే ఉంది. డ్యాష్‌బోర్డును ఆపేశాం, అంతే.

అయితే మీరే ఒక స్కోరు తయారుచేసి ఇవ్వొచ్చు కదా అంటారు. నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. స్కోరు కావాలనడానికి మీకు న్యాయమైన కారణాలున్నాయి. మీ పైవాళ్లు 4 పేజీలు చదవరు, ఒక్క అంకె అడుగుతారు. ఇద్దరు అనలిస్టుల్లో ఎవరిని కొనసాగించాలో తేల్చడానికి ఏదో ఒక కొలత కావాలి. ఇవన్నీ ఒప్పుకుంటూనే చివరికి ఇవ్వకూడదనే నిర్ణయించాను. ఎందుకో చెబుతాను.

మొదటిది, పనులు ఒకే రకమైనవి కావు. ఒకరు ఎవరికీ పూర్తిగా గుర్తులేని నిబంధనలతో నడుస్తున్న పాత సిస్టంను విప్పి రాస్తుంటారు. ఇంకొకరు ఉన్న రిపోర్టుకు రెండు కాలమ్‌లు చేర్పిస్తుంటారు. ఇద్దరి స్టోరీల సంఖ్య పక్కపక్కన పెట్టడం, వంట ఎలా ఉందో చెప్పమంటే ఎన్ని గిన్నెలు తోమారో చెప్పినట్టు ఉంటుంది. రెండోది, అంకెలు మరీ చిన్నవి. ఒక రిలీజ్‌లో ఒకరికి 2 లోపాలు, మరొకరికి 3 వస్తే ఆ తేడా నైపుణ్యం గురించి దాదాపు ఏమీ చెప్పదు. శాతాల్లోకి మార్చి గ్రాఫు గీస్తే మాత్రం పెద్ద అగాధంలా కనిపిస్తుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. దేన్ని కొలిచి మార్కులు వేస్తే మనుషులు దానికి తగ్గట్టే పనిచేయడం మొదలుపెడతారు. నియంత్రణ కోసం ఒక గణాంకం మీద ఒత్తిడి పెడితే, అప్పటిదాకా అందులో కనిపించిన క్రమం చెదిరిపోతుందని ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి అన్నారు. మన పనిలో అది ఇలా కనిపిస్తుంది. స్టోరీల సంఖ్యకు మార్కులుంటే 'కస్టమర్ చిరునామా మార్పు' అనే ఒక్క స్టోరీ మూడు ముక్కలవుతుంది: స్క్రీను ఒకటి, సేవ్ ఒకటి, మెసేజ్ ఒకటి. ఏ ఒక్కటీ విడిగా రిలీజ్ చేయడానికి పనికిరాదు, టెస్టర్‌కు మాత్రం మూడింతల పని. మార్పులకు మార్కులు కోస్తే అసలైన మార్పు కూడా టూలులోకి ఎక్కదు. 'చిన్న వివరణ' అని ఈమెయిల్‌లో వెళ్లిపోతుంది, డెవలపర్ ఆ ఈమెయిల్ చూసి కోడ్ రాస్తారు, టెస్టర్ పాత వెర్షన్ చూసి టెస్టు రాస్తారు. జవాబు వేగానికి మార్కులుంటే గడియారం ఆపడానికి 'చూసి చెబుతాను' అన్న జవాబు నిమిషంలో వస్తుంది.

ఇక స్కోరు స్థానంలో రిపోర్టులో వచ్చేవి చెబుతాను. మొదటిది, అన్నిటికన్నా నేను నమ్మేది, జారిపోయిన లోపాల లెక్క. యూఏటీలో (రిలీజ్‌కు ముందు వాడేవాళ్లే చేసే పరీక్షలో), రిలీజ్ తర్వాత మొదటి 30 రోజుల్లో బయటపడిన ప్రతి లోపానికి మూలం ఈ అయిదింటిలో ఏదో తేలుస్తాం: రిక్వైర్‌మెంటే రాయలేదు; తప్పు రాశారు; రెండు రకాలుగా అర్థమయ్యేలా రాశారు; సరిగానే రాశారు కానీ సాఫ్ట్‌వేర్‌ను వేరేలా కట్టారు; సైన్ ఆఫ్ తర్వాత బిజినెస్ నిర్ణయమే మారింది. మొదటి మూడే అనలిస్టు పనికి సంబంధించినవి. ఇది అనలిస్టు ఒక్కరే తేల్చకూడదు, డెవలపర్ ఒక్కరే తేల్చినా అన్యాయమే. అనలిస్టు, డెవలపర్, టెస్టర్ ముగ్గురూ వారానికి 20 నిమిషాలు కూర్చుంటారు. వాదన తెగకపోతే ఒకటే ప్రశ్న: సైన్ ఆఫ్ అయిన వెర్షన్ మాత్రమే చదివి, ఎవరినీ అడగకుండా, ఈ లోపాన్ని పట్టే టెస్టు రాయగలిగేవారా? రాయగలిగితే అది నాలుగో రకం. లేకపోతే మొదటి మూడింటిలోనో అయిదోదానిలోనో పడుతుంది.

'రాయలేదు' అని తేలిన చోట ఇంకో మెట్టు దిగుతాం. ఆ విషయం ఎవరికి తెలుసు? ఆ మనిషి పాత్ర స్టేక్‌హోల్డర్ల (ఆ పనితో సంబంధం ఉన్నవారి) జాబితాలో ఉందా? ఉండి కూడా వర్క్‌షాపుకు రాలేదా? మూడో ప్రశ్నకు జవాబు చాలాసార్లు మీ వైపే తేలుతుంది. అది కూడా రిపోర్టులో ఉంటుంది, మొహమాటపడం.

రెండోది నమూనా రివ్యూ. రెండు వారాలకోసారి ఒక్కో అనలిస్టు రాసినవాటిలోంచి 10 రిక్వైర్‌మెంట్లు యాదృచ్ఛికంగా తీస్తాం. వేరే ప్రాజెక్టు అనలిస్టు ఒకరు, టెస్టర్ ఒకరు చదువుతారు. ఐఎస్ఓ/ఐఈసీ/ఐఈఈఈ 29148 ప్రమాణం 2018 కూర్పు ఒక్కో రిక్వైర్‌మెంటుకు ఉండాల్సిన లక్షణాలు తొమ్మిది చెబుతుంది. మేం నాలుగే చూస్తాం: ఒకే అర్థం, సంపూర్ణత, ఒక వాక్యంలో ఒకే విషయం, పరీక్షించగలగడం. ఉదాహరణకు 'పెద్ద ఆర్డర్లకు మేనేజర్ అనుమతి కావాలి' అన్న వాక్యం చూడండి. పెద్దది అంటే ఎంత? పన్ను కలిపా, కలపకుండానా? అనుమతి వచ్చాక పరిమాణం పెంచితే మళ్లీ అడగాలా? మేనేజర్ సెలవులో ఉంటే ఎవరు? టెస్టర్‌కు రాసినవాళ్లను ఒక్క ప్రశ్న అడగాల్సి వచ్చినా ఆ రిక్వైర్‌మెంటు వెనక్కి వస్తుంది.

మూడోది మార్పుల శాతం, ఈసారి మేమే వేసేది. సైన్ ఆఫ్ నాటికి 120 రిక్వైర్‌మెంట్లు ఉన్నాయనుకోండి. తర్వాత 9 చేరాయి, 12 మారాయి, 3 తీసేశారు. మొత్తం 24, అంటే 20 శాతం. ఈ 20 చూసి కంగారుపడొద్దు. ఆ 24లో 14 బిజినెస్ నిర్ణయం గానీ నిబంధనలు గానీ తర్వాత మారడం వల్ల వచ్చాయనుకుంటే మిగిలిన 10, అంటే 8 శాతం చిల్లర, మొదట్లోనే తెలిసి ఉండాల్సినవి ఆలస్యంగా బయటపడ్డాయన్నమాట. అనలిస్టును అడగాల్సింది ఈ 10 గురించే. అక్షరదోషాలు, వాక్యం సర్దుబాట్లు లెక్కలోకి రావు. అర్థం మారితేనే మార్పు.

సందేహాల జవాబుకు సగటు వేయం, మధ్యస్థం (వరసలో పెడితే నడుమ వచ్చే విలువ) వేస్తాం. 10 సందేహాల్లో 9 నాలుగేసి గంటల్లో తేలి, ఒకటి మీ లీగల్ విభాగం దగ్గర 12 రోజులు ఆగిపోయిందనుకోండి. సగటు 32 గంటలు దాటుతుంది, మధ్యస్థం 4 గంటలే. ఆ 12 రోజులను మాయం చేయం. అనలిస్టు దగ్గర ఉన్న సమయం, మీ దగ్గర ఉన్న సమయం వేర్వేరు గడుల్లో వస్తాయి.

కొలిచి ఊరుకుంటే ప్రయోజనం లేదు. అంతర్జాతీయ బిజినెస్ అనలిసిస్ సంస్థ ఐఐబీఏ 2015లో తెచ్చిన బాబోక్ (ఈ వృత్తికి మార్గదర్శక గ్రంథం) మూడో కూర్పు, అనలిస్టు పని మెరుగుదలను ప్లానింగ్, మానిటరింగ్ విభాగంలోనే ఒక పనిగా పెట్టింది. కచ్చితత్వం, పరిజ్ఞానం, సకాలంలో పూర్తిచేయడం వంటి కొలతలను అక్కడ విడివిడిగానే పేర్కొన్నారు. మేమూ లోపం రకాన్ని బట్టి మందు మారుస్తాం. 'రాయలేదు' అన్నవి ఎక్కువైతే వర్క్‌షాపుకు ముందు ఒక పట్టీ తప్పనిసరి: రద్దు చేస్తే ఏమవుతుంది, వెనక్కి తిప్పితే ఏమవుతుంది, ఎవరికి ఏ అనుమతి, పాత డేటా సంగతేమిటి, నెలాఖరులో ఏం తేడా. నిబంధనలు చిక్కుముడిగా ఉంటే డెసిషన్ టేబుల్ (షరతుల ఒక్కో కలయికకు ఏం జరగాలో చూపే పట్టిక) గీయిస్తాం. అవును, కాదు అనే షరతులు 3 ఉంటే 8 గడులు. ఖాళీగా మిగిలిన గడి దగ్గరే ఎవరూ అడగని ప్రశ్న దొరుకుతుంది. 'రెండు రకాల అర్థం' సమస్య అయితే ప్రతి హద్దుకూ మూడు ఉదాహరణలు రాయాలి: పరిమితి 50,000 అయితే 49,999, 50,000, 50,001 దగ్గర ఏం జరగాలో. 'వేరేలా కట్టారు' అన్నవి పెరిగితే కోడింగ్‌కు ముందు ముగ్గురూ కలిసి స్టోరీ చదవడం మొదలుపెడతాం. ఒకసారికి ఒక్క మార్పే చేసి, 6 వారాలు ఆగి, అదే కొలత మళ్లీ చూస్తాం. మూడు మందులు ఒకేసారి వేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

వ్యక్తుల మదింపు ఆగదు, అది మా ఇంటి పని. కొలతలు ముందు ఆ అనలిస్టే చూస్తారు. ఒకే రకం లోపం వరసగా రెండు రిలీజ్‌లలో కనిపిస్తే సీనియర్‌ను జత చేస్తాం. అప్పటికీ మారకపోతే మనిషిని మారుస్తాం, మీకు ముందే చెబుతాం. మార్చమని మీరూ అడగొచ్చు. అప్పుడు మీకు ఇబ్బంది కలిగించిన మూడు రిక్వైర్‌మెంట్ల నంబర్లు పంపండి, పాత స్కోరు చూపించకండి.

మీ నుంచి కావాల్సినవి రెండే. యూఏటీలో లోపం నమోదు చేసినప్పుడు ఏ రిక్వైర్‌మెంటు నంబరుకు సంబంధించినదో రాయాలి. మార్పు అడిగినప్పుడు కారణం, నిర్ణయించినవారి పేరు ఇవ్వాలి. ఇవి రాకపోతే ఆ గడిలో 'లెక్కించలేదు' అని వస్తుంది. ఊహించి అంకె వేయం.

కొన్ని కాంట్రాక్టుల్లో స్కోరు ఇంతకు తగ్గకూడదన్న షరతు ఉంది. దాని బదులు జారిపోయిన లోపాల సంఖ్య, నమూనా రివ్యూ ఫలితాలతో రాసిన షరతు ముసాయిదా ఈ వారంలో మీ కొనుగోలు విభాగానికి అందుతుంది. సవరణలు సంతోషంగా చర్చిస్తాను. ఒక్క అంకె మాత్రం ఎవరి కోసమూ తిరిగి రాదు, ఎంత పెద్ద క్లయింటైనా సరే. అది లేకుండా కుదరదంటే కాంట్రాక్టులో ఉన్న నోటీసు గడువు మీకుంది. ఆ గడువులో రిక్వైర్‌మెంట్లు ప్రస్తుత వెర్షన్‌తో, వాటికి ముడిపడిన టెస్టుల పట్టిక, నిర్ణయాల రికార్డు, ఇంకా తేలని సందేహాల జాబితా మీ కొత్తవాళ్లకు అప్పగిస్తాం, వాళ్లతో కూర్చుని వివరిస్తాం కూడా. దానికి విడిగా బిల్లు వేయం.