గ్రానైట్ గట్టు సరే, బోరు నీళ్ల సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈమధ్య వాట్సాప్‌లో ఒకటే గోల, వంటింటి గ్రానైట్ గట్టు నుంచి రేడియేషన్ వస్తుందట, క్యాన్సరట, వెంటనే పీకించెయ్యాలట. మా కరీంనగర్ టాన్ బ్రౌన్ రాయిని కూడా ఇందులోకి లాగారు.

రేడియేషన్ ఉన్నమాట నిజమే. గ్రానైట్‌లో రేడియేషన్ ఇచ్చే యురేనియం, థోరియం, పొటాషియం-40 కొంచెం ఉంటాయి. ఆ పొటాషియం-40 మన ఒంట్లోనూ ఉంది, పొద్దున తిన్న అరటిపండులోనూ ఉంది, మరి వాటినేం చేద్దాం? ప్రకృతి నుంచే సగటున మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి అందే రేడియేషన్‌కి కొలత) దాకా రేడియేషన్ అందుతుంది, అందులో గట్టు రాయి వాటా చాలా కొంచెం. అన్నట్టు షాపుల్లో గ్రానైట్ అని అమ్మే చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అసలు గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి, అందులో యురేనియం లాంటివి ఇంకా తక్కువ. రాయిలోని యురేనియం నుంచి పుట్టే రాడాన్ గ్యాస్ భయం ఉన్నవాళ్లు కిటికీలు తీసి పెట్టుకుంటే చాలావరకు పోతుంది.

నా బాధల్లా నీళ్ల గురించి. యురేనియం రాయిలోనే కూర్చోదు, నీళ్లలో కరిగి కదులుతుంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చాలామంది చూసే ఉంటారు, అట్లాంటి పాత ఎముకల శిలాజాల్లో యురేనియం దొరికితే అది ఆ జంతువుది కాదు, భూగర్భ జలంతో వచ్చి చేరిందే. మరి ఇదే గ్రానైట్ నేలలో వందల అడుగులు బోరేసి తాగుతున్నాం కదా, ఆ నీళ్లెవరు చూస్తున్నారు? తాగే నీళ్లలో యురేనియం లీటరుకి 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, ఎక్కువైతే రేడియేషన్ కంటే ముందు కిడ్నీలకి దెబ్బ. మరగబెడితే పోదు సరికదా నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది, ఆర్వో అయితే చాలావరకు ఆపుతుంది.

మా బోరు నీళ్లు టెస్టుకిస్తే రిపోర్టులో టీడీఎస్, ఫ్లోరైడ్, నైట్రేట్ అన్నీ వచ్చాయి, యురేనియం లైనే లేదు. అడిగితే "అది మాకు రాదండీ, వేరే చోట చేయించుకోవాలి" అన్నారు. ఆ వేరే చోటేదో మామూలు మనిషికెట్లా తెలుస్తుంది సార్? ప్రతి జిల్లా ల్యాబ్‌లో ఈ టెస్టు పెట్టాలి, ఫీజు అందుబాటులో ఉండాలి, ఊరి బోర్లకి వానాకాలం ముందోసారి తర్వాతోసారి చేసి రిజల్టు తెలుగులో పంచాయతీ గోడ మీద అంటించాలి. ఈ విషయం మీ పేపర్లో ఒకసారి అధికారుల్ని అడిగి రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కరీంనగర్