ఏ దశలో ఉందా కేసు?

సంపాదకులకు,

బస్సు ఛార్జీ, లాఠీఛార్జి, ఇన్‌ఛార్జి మంత్రి, ఫోన్ ఛార్జింగ్... ఒకే ఇంగ్లిషు మాటను ఇన్ని రకాలుగా వాడుతున్నా ఎవరూ తికమకపడరు. కోర్టు వార్తల్లో మాత్రం అదే మాట పాఠకుణ్ణి తప్పుదోవ పట్టిస్తోంది.

దర్యాప్తు ముగిశాక పోలీసులు కోర్టులో వేసేది ఛార్జిషీటు. క్రిమినల్ కేసులు నడిపే విధానం చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్. దాని 193వ సెక్షన్ ఛార్జిషీటును పోలీసు రిపోర్టు అనే అంటుంది. అందులో ఉన్నది పోలీసుల మాట. దాన్ని పరిశీలించి, ఇరుపక్షాల వాదన విని, విచారణకు తగిన ఆధారం ఉందనుకుంటే జడ్జి అభియోగాలు రాయించి, నిందితుడికి చదివి వినిపించి, నేరం ఒప్పుకుంటావా, విచారణ కోరుతావా అని అడుగుతారు. ఇది 'ఛార్జి ఫ్రేమింగ్'. ఈ రెండింటికీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. సెక్షన్లూ మారొచ్చు: నేరాలకు శిక్షలు చెప్పే చట్టం బీఎన్ఎస్‌లో హత్యకు సంబంధించిన 103వ సెక్షన్ పోలీసులు పెట్టినా, హత్య స్థాయికి రాదనిపిస్తే జడ్జి 105 (హత్య కిందికి రాని నరహత్య) కిందే అభియోగం ఖరారు చేయొచ్చు. రెండు సందర్భాల్లోనూ 'అభియోగాలు మోపారు' అని రాస్తే ఈ తేడా అంతా మాయమైపోతుంది. 'పోలీసులు ఛార్జిషీటు వేశారు', 'కోర్టు అభియోగాలు ఖరారు చేసింది' అని ఎవరు చేశారో కలిపి రాస్తే చాలు.

'కేసు కొట్టివేత' ఇంకా ఇబ్బంది. ఆధారాలు చాలవని విచారణకు ముందే నిందితుణ్ణి వదిలేస్తే అది డిశ్చార్జి. సాక్షులను విచారించాక నేరం రుజువు కాలేదంటే నిర్దోషిగా తీర్పు. బీఎన్ఎస్ఎస్ 528వ సెక్షన్ కింద హైకోర్టు కేసునే రద్దు చేస్తే క్వాష్. శీర్షికల్లో మూడూ కొట్టివేతలే! నిర్దోషిగా తేలి, ఆ తీర్పు అమల్లో ఉన్నంతకాలం అదే నేరానికి మళ్లీ విచారించకూడదు. డిశ్చార్జి నిర్దోషి తీర్పు కిందికి రాదని అదే చట్టం 337వ సెక్షన్ వివరణలోనే ఉంది. కొత్త ఆధారం దొరికితే కేసు మళ్లీ తలెత్తవచ్చు. బాధితుడి ఇంట్లోవాళ్లు కేసు ముగిసిపోయిందనుకుని ఊరుకుంటే నష్టం వాళ్లకే.

బ్రిటన్ నుంచి వచ్చే ఏజెన్సీ వార్తల్లోనూ జాగ్రత్త అవసరం. అక్కడ మామూలు కేసుల్లో అరెస్టు చేసినవారిని ఛార్జి చేయకుండా స్టేషన్లో 24 గంటలకు మించి ఉంచకూడదు. అంటే ఛార్జి చేయడం కేసులో తొలి మెట్టు. దాన్ని 'ఛార్జిషీటు దాఖలు' అని తెలుగు చేస్తే, దర్యాప్తు పూర్తయిందని ఇక్కడి పాఠకులు అనుకుంటారు. 'కేసు మోపారు' అంటే సరిపోతుంది.

— ఒక న్యాయవాది, హనుమకొండ